డిస్క్ చేతిలో నిలవాలి: శ్రీకాకుళం నుంచి అల్టిమేట్ ఆడాలనుకునే కాలేజీ, క్లబ్ జట్ల కోసం

శ్రీకాకుళంలో ఏ గ్రౌండుకైనా తెల్లవారి ఐదున్నరకి వెళ్ళి చూడండి. ఆర్మీ ర్యాలీకని, కానిస్టేబుల్ ఈవెంట్స్‌కని 1600 మీటర్లు పరుగెత్తే కుర్రాళ్ళు చీకటి విడకముందే రౌండ్లు వేస్తుంటారు. కబడ్డీ ఆడినవాళ్ళు, ఖోఖో ఆడినవాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు. పరుగుకీ దమ్ముకీ మన దగ్గర లోటు లేదు. ఇంతమంది పరుగుగాళ్ళని పెట్టుకుని మా అల్టిమేట్ జట్టు (ఫ్రిస్బీ అనే ప్లాస్టిక్ డిస్క్‌తో ఆడే ఆట ఇది) మొదటి టోర్నమెంటుకి వెళ్ళి ఆడిన ఐదు మ్యాచ్‌లూ ఓడిపోయి వచ్చింది. ఒకటైతే 15-3. తిరుగు రైల్లో కూర్చుని వీడియో చూసుకుంటే తెలిసింది, అవతలివాళ్ళు మాకంటే వేగంగా ఏమీ పరుగెత్తలేదు, మేమే డిస్క్ చేతికొచ్చిన రెండో త్రోకో మూడో త్రోకో పారేసుకున్నాం, వాళ్ళు తీసుకుని పాయింటు వేసుకున్నారు. అందుకే కింద రాసినదంతా ఒకే పని కోసం: చేతికొచ్చిన డిస్క్‌ని ఊరికే పోగొట్టుకోకుండా ఆడటం నేర్చుకోవడం.

ఆట తెలియనివాళ్ళకి ముందు నాలుగు మాటలు. గడ్డి మైదానంలో జట్టుకి ఏడుగురు, కోర్టు 100 మీటర్ల పొడవు, 37 మీటర్ల వెడల్పు, అందులోనే రెండు చివరలా 18 మీటర్ల చొప్పున ఎండ్ జోన్లు. అవతలి ఎండ్ జోన్‌లో మనవాడు డిస్క్ పట్టుకుంటే ఒక పాయింటు. డిస్క్ పట్టుకున్నవాళ్ళు నడవకూడదు, ఒక కాలు నేలకి ఆనించి ఉంచి ఎదురుగా అడ్డం నిలబడ్డ అవతలి జట్టువాడు, అంటే మార్కర్, పది లెక్కపెట్టేలోపు విసరాలి. కింద పడినా, అవతలివాళ్ళు ఆపినా, గీత బయటికి పోయినా డిస్క్ వాళ్ళది. మామూలుగా 15 పాయింట్లకి మ్యాచ్. ఒకరినొకరు తగలకూడదు. అంపైర్ ఉండడు, పెద్ద టోర్నమెంట్లలో కూడా ఫౌల్ అయిందో లేదో ఆడేవాళ్ళే తేల్చుకుంటారు. ఈ ఆట 1968లో అమెరికాలోని న్యూజెర్సీలో, మేపుల్‌వుడ్ అనే ఊళ్ళో కొలంబియా హైస్కూల్ పిల్లలు మొదలుపెట్టారు, ఆడింది బడి పార్కింగ్ స్థలంలో. 1972 నవంబర్ 6న రట్గర్స్, ప్రిన్స్‌టన్ కాలేజీల మధ్య జరిగిన మొదటి అంతర్ కాలేజీ మ్యాచ్ కూడా పార్కింగ్ స్థలంలోనే జరిగింది. కాబట్టి మా కాలేజీలో సరైన గ్రౌండు లేదు కదా అని ఆగిపోవద్దు.

మొదటి అడుగు: డిస్క్, నేల

బొమ్మల షాపులో దొరికే పల్చటి ప్లాస్టిక్ డిస్క్ కొనకండి. దానితో ఆరు నెలలు ప్రాక్టీస్ చేసినా మ్యాచ్ డిస్క్ చేతికి రాగానే అంతా మళ్ళీ మొదటికొస్తుంది. మ్యాచ్‌కి వాడేది 175 గ్రాముల డిస్క్. డిస్క్‌క్రాఫ్ట్ వాళ్ళ అల్ట్రా-స్టార్ చాలా చోట్ల కనిపిస్తుంది, ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. పదిమంది కలిసి చందా వేసుకుంటే మూడు డిస్క్‌లు వస్తాయి, మొదటి ఏడాదికి అవి చాలు.

నేల సంగతి ఇంకా జాగ్రత్తగా చూసుకోవాలి. మన గ్రౌండ్లలో ఎండాకాలం వచ్చేసరికి పల్లేరుకాయలు పరుచుకుని ఉంటాయి, డిస్క్ కోసం దూకినవాడి అరచేతుల నిండా అవే. ప్రాక్టీసుకి ముందు పదిహేను నిమిషాలు అందరూ వరసగా నడిచి ఏరేయండి. గుర్తులకి ఇటుక ముక్కలు, రాళ్ళు పెట్టకండి. చిన్నప్పుడు క్రికెట్‌కి పెట్టుకున్న అలవాటు అది, ఇక్కడ మనుషులు సరిగ్గా ఆ మూలల్లోనే డైవ్ కొడతారు. సున్నం గీసి, మూలల్లో పాత చెప్పులు పెట్టినా సరిపోతుంది. కాళ్ళకి ఫుట్‌బాల్ వాళ్ళ మౌల్డెడ్ స్టడ్స్ ఉన్న బూట్లు, ఇనప స్టడ్స్ మాత్రం వద్దు.

రెండో అడుగు: రెండు త్రోలు, మూడు నెలలు

హ్యామర్, స్కూబర్ అని వీడియోల్లో చూసి తలకిందులుగా విసరడం మొదలుపెడతారు. ఇప్పుడు వద్దు. బ్యాక్‌హ్యాండ్, ఫ్లిక్, ఈ రెండే. మూడు నెలలు ఇంకేదీ ముట్టకండి.

బ్యాక్‌హ్యాండ్ అంటే పేకముక్క విసిరినట్టు. నాలుగు వేళ్ళూ అంచు లోపలికి మడిచి, బొటనవేలు పైన పెట్టి, ఒళ్ళు పక్కకి తిప్పి చెయ్యి అడ్డంగా తెచ్చి వదలాలి. చాలామంది భుజం బలంతో విసురుతారు, డిస్క్ ఊగిపోతూ వెళ్తుంది. డిస్క్‌ని నిలబెట్టేది అది తిరిగే వేగం, ఆ తిరుగుడు వచ్చేది మణికట్టు నుంచి. చెయ్యి మెల్లగా కదిలినా చివర్లో మణికట్టు గట్టిగా విదిలిస్తే డిస్క్ నీళ్ళ మీద తేలినట్టు పోతుంది.

ఫ్లిక్ కష్టం, నిజమే చెప్తున్నాను, మొదటి రెండు వారాలు ఏడుపొస్తుంది. చూపుడువేలు, మధ్యవేలు కలిపి డిస్క్ అడుగున లోపలి అంచుకి ఆనించండి, మధ్యవేలి మెత్తని భాగం అంచుని గట్టిగా నొక్కి ఉండాలి, బొటనవేలు పైన. మోచేయి నడుముకి దగ్గరగా. ఇప్పుడు తడి చేతిని విదిలించినట్టు మణికట్టుతో వదలండి. వదిలేటప్పుడు డిస్క్ బయటి అంచు కొద్దిగా కిందికి వంగి ఉండాలి. అరచెయ్యి ఆకాశం వైపే ఉండాలి, అది తిరగబడితే డిస్క్ పక్కకి తిరిగి నేలకి కొట్టుకుంటుంది.

కుడిచేతి వాళ్ళకి నేలకి ఆనే కాలు ఎడమది, రెండు త్రోలకీ అదే. కుడికాలు ఫ్లిక్‌కి కుడి పక్కకి, బ్యాక్‌హ్యాండ్‌కి అడ్డంగా ఎడమ వైపుకి. చాలామంది నిటారుగా నిలబడి విసరడం నేర్చుకుంటారు, తర్వాత ఎదురుగా మార్కర్ చేతులు చాచి నిలబడేసరికి ఏ దారీ దొరకదు. అందుకని మొదటిరోజు నుంచీ అడుగు బాగా పక్కకి వేసి, మోకాలు వంచి, కిందినుంచి వదలడం అలవాటు చేసుకోండి.

రోజూ ఇద్దరిద్దరు, 12 నుంచి 15 మీటర్ల దూరం, వంద బ్యాక్‌హ్యాండ్లు, వంద ఫ్లిక్‌లు. అరగంట పని. హాస్టల్ ముందు కూడా చేసుకోవచ్చు. పట్టేటప్పుడు రెండు చేతులతో, చప్పట్లు కొట్టినట్టు, ఒక చెయ్యి పైన, ఒకటి కింద. ఒంటిచేతి క్యాచ్ అందంగా ఉంటుంది, తప్పనప్పుడు మాత్రమే పట్టండి. డిస్క్ దగ్గరికొచ్చాక ఆగి నిలబడి పట్టేవాళ్ళు ఎక్కువ, ఆ అరక్షణంలో వెనకనుంచి డిఫెండర్ చెయ్యి వచ్చేస్తుంది. డిస్క్‌కి ఎదురెళ్ళి పట్టాలి.

మూడో అడుగు: గాలి

ఇది మన ప్రాంతం వాళ్ళు ప్రత్యేకంగా చదవాల్సిన భాగం. సముద్రం ఇంత దగ్గర్లో ఉన్నచోట తెల్లవారుజామున గాలి దాదాపు ఉండదు, ఎండెక్కాక నేల వేడెక్కి మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా సముద్రం వైపు నుంచి గాలి పడుతుంది. మనం ప్రాక్టీస్ చేసేది పొద్దున ఐదున్నరకి. మ్యాచ్‌లు జరిగేది పదకొండింటికీ మూడింటికీ. పొద్దున అద్భుతంగా వేసే కుర్రాడు మ్యాచ్‌లో ఒక్క త్రో కూడా సరిగ్గా వెయ్యలేడు. మా జూనియర్ ఒకడు మొదటిసారి కళింగపట్నం బీచ్‌కి తీసుకెళ్తే పది నిమిషాలకే డిస్క్ ఇసకలో పెట్టేసి, "ఏటన్నా ఇది, నానొకేపు ఇసిరితే అదొకేపు ఎలిపోతంది" అన్నాడు.

వారంలో కనీసం రెండు సాయంత్రాలు గాలిలో ప్రాక్టీస్ పెట్టుకోండి. నెలకోసారి కళింగపట్నమో, బారువో, విజయనగరం వాళ్ళైతే చింతపల్లి బీచో. బీచ్ ఆటకి జట్టుకి ఐదుగురే, కోర్టు 75 మీటర్ల పొడవు, 25 మీటర్ల వెడల్పు, కాబట్టి పదిమంది కుదిరితే పూర్తి మ్యాచ్ ఆడేయొచ్చు. మోకాళ్ళకి కూడా ఇసక మంచిది.

గాలి ఏం చేస్తుందో తెలిస్తే భయం సగం పోతుంది. ఎదురుగాలిలో డిస్క్ పైకి లేస్తుంది. ముందు అంచు కొంచెం ఎత్తుగా ఉన్నా చాలు, గాలి దాన్ని పైకెత్తి, ఆపి, వెనక్కి తోసేస్తుంది. కాబట్టి ఎదురుగాలిలో ముందు అంచు కొద్దిగా దించి, నడుము కిందనుంచి, ఎక్కువ తిరుగుడుతో వేయాలి, ఎక్కువ బలంతో కాదు. వెనకగాలిలో దీనికి పూర్తిగా వ్యతిరేకం, డిస్క్ అనుకున్నదానికంటే ముందే కిందపడుతుంది, ముందు అంచు కాస్త ఎత్తి కొంచెం పైకి వేయాలి. పక్కగాలిలో డిస్క్ పొట్ట గాలికి చూపిస్తే ఎత్తుకుపోతుంది. ఇక అన్నిటికంటే ముఖ్యం, గాలి ఎక్కువున్నరోజు పట్టుకునేవాళ్ళు దగ్గరికి రావాలి. ముప్పై మీటర్ల త్రో ఒకటి కంటే పది మీటర్ల త్రోలు మూడు నయం.

నాలుగో అడుగు: నిలబడటం, కదలడం, వెనక్కి ఇవ్వడం

కొత్త జట్టు ఆడుతుంటే డిస్క్ చుట్టూ అందరూ మూగుతారు, అందరూ "నాకు, నాకు" అని చెయ్యెత్తుతారు. దీన్ని విడదీయడానికే స్టాక్, అంటే వరసలో నిలబడే పద్ధతి. ముందు వర్టికల్ స్టాక్ ఒక్కటే నేర్చుకోండి. ఇద్దరు హ్యాండ్లర్లు (డిస్క్ నడిపేవాళ్ళు) డిస్క్ దగ్గర, మిగతా ఐదుగురు కట్టర్లు (ఖాళీలోకి పరుగెత్తి పట్టేవాళ్ళు) వాళ్ళకి ముందు పది పన్నెండు మీటర్ల నుంచి మధ్యలో ఒకే వరసలో. రెండు పక్కలా ఖాళీ. ఆ ఖాళీలోకి ఒక్కసారికి ఒక్కరే పరుగెడతారు. డిస్క్ రాకపోతే వెంటనే బయటికి తప్పుకుని వరసలోకి తిరిగి రావాలి. ఈ తప్పుకోవడమే మన కుర్రాళ్ళకి అస్సలు రాదు. డిస్క్ రాలేదని ఖాళీలోనే నిలబడి మళ్ళీ చెయ్యెత్తితే వెనకున్న నలుగురికీ దారి మూసినట్టే. కట్ చేసేటప్పుడు వంకర్లు వద్దు, మూడడుగులు ఒకవైపు గట్టిగా వెళ్ళి, డిఫెండర్ నమ్మాక, టక్కున తిరిగి ఇంకోవైపు.

ఇప్పుడు రీసెట్, అంటే డిస్క్‌ని వెనక్కి ఇచ్చి లెక్క మళ్ళీ మొదలయ్యేలా చెయ్యడం. ఈ మొత్తం వ్యాసంలో ఒక్క పేరా మాత్రమే చదివే ఓపిక ఉంటే ఇదే చదవండి. ముందువైపు ఎవరూ ఖాళీగా లేరు, మార్కర్ లెక్క అయిదుకొచ్చింది. ఇక్కడే మా జట్టు మొదట్లో ఏం చేసేదంటే ఎనిమిది, తొమ్మిది దాకా ముందుకే చూసి, ఆఖర్లో కంగారుగా ఎండ్ జోన్ వైపు ఎత్తి విసిరేది. అలా చెయ్యకండి. అయిదు వినపడగానే ఒళ్ళంతా వెనక్కి తిప్పి రెండో హ్యాండ్లర్‌ని చూడాలి. అతను మీకు ఆరేడు మీటర్ల దూరంలో, వెనక ఏటవాలుగా ఉంటాడు. మీరు తిరిగి చూడటమే అతనికి సంకేతం, పిలవక్కర్లేదు. అతను పక్కగీత వెంబడి ముందుకి దూసుకెళ్తాడు, డిఫెండర్ దాన్ని ఆపితే వెనక్కి తిరుగుతాడు. అతనికి ఇవ్వండి. అతను వెంటనే అవతలి పక్కకి స్వింగ్ చేస్తే డిఫెన్స్ మొత్తం తిరిగి సర్దుకోవాలి, ఆ సర్దుకునే రెండు మూడు సెకన్లలోనే ముందు దారి తెరుచుకుంటుంది. డిస్క్ వెనక్కి వెళ్ళిందని బయటినుంచి మనవాళ్ళే "ముందుకెయ్ రా" అని అరుస్తారు, వినొద్దు. అయిదు మీటర్లు పోయినా డిస్క్ మన దగ్గరే ఉంది, లెక్క మళ్ళీ ఒకటి నుంచి మొదలవుతుంది.

దీనికి రెండు డ్రిల్స్ చాలు. ఒకటి బ్రేక్ మార్క్ (మార్కర్ మూసిన వైపు నుంచే విసరడం), ముగ్గురితో: ఒకరు విసరాలి, ఒకరు మార్క్ చెయ్యాలి, ఒకరు పది మీటర్ల అవతల పట్టుకోవాలి, విసిరినవాళ్ళు వెంటనే పరుగెత్తి పట్టుకున్నవాళ్ళని మార్క్ చెయ్యాలి. ఆపకుండా పదిహేను నిమిషాలు. రెండోది మేం పది పాసుల ఆట అంటాం: 20 మీటర్ల చదరంలో నలుగురు, నలుగురు, డిస్క్ పోకుండా వరసగా పది పాసులు చేస్తే ఒక పాయింటు. మా జట్టుని మార్చింది ఇదే. ముందు వారం ఒక్క పాయింటు కూడా ఎవరికీ రాలేదు.

అయిదో అడుగు: డిఫెన్స్

ఇక్కడ మన పరుగు పనికొస్తుంది, కానీ ఒక పద్ధతి ఉండాలి. ఫోర్స్ అంటే మార్కర్ ఒకవైపు మూసేసి ఇంకోవైపుకే విసరనివ్వడం. పాయింటు మొదలయ్యేముందు ఏ వైపో జట్టంతా ఒక మాట మీద ఉండాలి. మిగతా ఆరుగురూ ఆ తెరిచిన వైపునే కాపాడతారు. మార్కర్ ఒక్కడు డిస్క్‌కి ఆశపడి ఎగబడితే మూసిన వైపు తెరుచుకుని ఆరుగురి కష్టం పోతుంది. మార్కర్ డిస్క్ ఆపక్కర్లేదు, కాళ్ళ మీద నిలబడి ఒకవైపు మూస్తే చాలు.

గాలి ఎక్కువున్నరోజు జోన్ వెయ్యండి, అంటే ఒక్కొక్కరి వెంట పడకుండా ఎవరి చోటు వాళ్ళు కాపాడటం. ముగ్గురు డిస్క్ చుట్టూ అర్ధచంద్రంలాగా నిలబడతారు. మార్కర్ కాకుండా మిగతా ఇద్దరూ, వేరే ఆటగాణ్ణి కాస్తుంటే తప్ప, విసిరేవాడికి మూడు మీటర్ల లోపలికి రాకూడదు, వస్తే డబుల్ టీమ్ అనే తప్పు అవుతుంది. సముద్రపు గాలిలో రోజూ ఆడే జట్టు జోన్ వేస్తే లోపలి ఊళ్ళ జట్లు ఇబ్బంది పడతాయి. ఇది మనకున్న అసలు బలం.

ఒంటి సంగతి

1600 మీటర్లు ఐదున్నర నిమిషాల్లో పరుగెత్తడం వేరు, ఇరవై మీటర్లు దూసుకెళ్ళి టక్కున ఆగి వెనక్కి తిరిగి మళ్ళీ దూసుకెళ్ళడం వేరు. రెండోదానికి మోకాలు, చీలమండ సిద్ధంగా లేకపోతే లిగమెంట్ పోతుంది, అక్కడితో ఏడాది ఆట పోయినట్టే. వారానికి రెండుసార్లు స్క్వాట్లు, లంజెస్, ఒంటికాలి మీద దూకి నిలబడటం చేయండి. ఆగడం నేర్చుకోండి: నాలుగైదు చిన్న అడుగుల్లో, నడుము దించి. రౌండ్లు తగ్గించి 20, 30 మీటర్ల స్ప్రింట్లు, మధ్యలో విశ్రాంతి పెట్టుకోండి.

టోర్నమెంటులో రోజుకి మూడేసి మ్యాచ్‌లు ఉంటాయి. మధ్యలో బిర్యానీ తిని మూడో మ్యాచ్‌లో కాళ్ళు కదలని జట్లని చూశాను. ఓఆర్ఎస్, అరటిపళ్ళు, ఇంటినుంచి తెచ్చుకున్న చోడి అంబలి మజ్జిగ కలిపి, చిటికెడు ఉప్పేసి. మా జట్టుకి రెండేళ్ళుగా ఇదే.

అంపైర్ లేని ఆటలో నోరు, మనసు

రూల్స్ తెలియకపోతే ఈ ఆట పోటీలో ఆడలేరు, ఎందుకంటే మీ తరఫున చూసేవాడు లేడు. ఫౌల్ అయితే ఎవరికి తగిలిందో వాళ్ళే "ఫౌల్" అనాలి. ఆట ఆగుతుంది. ఏం జరిగిందో ఇద్దరూ చెప్తారు. అవతలివాళ్ళు ఒప్పుకోకపోతే "కాంటెస్ట్" అంటారు, మామూలుగా డిస్క్ విసిరినవాళ్ళకి తిరిగి వెళ్తుంది. 45 సెకన్లు దాటి వాదించకూడదు. ఇద్దరు మాట్లాడుతుంటే మిగతా పన్నెండుమందీ చుట్టూ చేరకండి, క్రికెట్‌లో "ఔట్ కాదు రా" అని అరిచే అలవాటు ఇక్కడ పూర్తిగా వదిలెయ్యాలి.

11-11 మీద ఉన్న ఒక మ్యాచ్‌లో మా అమ్మాయి ఒకతె డైవ్ కొట్టి పట్టింది. అవతలివాళ్ళు పాయింటని తలవంచుకుని వెళ్ళిపోతున్నారు. ఈమె లేచి, "నా కాలు గీత మీద పడింది, పాయింటు కాదు" అంది. గోల్ గీత ఎండ్ జోన్‌లోకి రాదు మరి. ఎవరూ చూడలేదు, ఆమెకొక్కదానికే తెలుసు. ఆ మ్యాచ్ మేం 15-13తో ఓడిపోయాం. ఆమె చేసింది సరైనదని మా జట్టులో ఒక్కరు కూడా వేరే మాట అనలేదు, ఆ సాయంత్రమే నాకు మేం ఒక జట్టయ్యామని అనిపించింది.

మ్యాచ్ తర్వాత అవతలి జట్టుకి స్పిరిట్ మార్కులు వెయ్యాలి: రూల్స్ తెలిసి వాడటం, ఫౌల్స్, న్యాయంగా ఉండటం, నిగ్రహం, మాట్లాడే తీరు. ఒక్కోదానికి సున్నా నుంచి నాలుగు, రెండంటే మామూలుగా బాగుందని. ఓడిపోయిన కోపంలో వెయ్యకండి, పది నిమిషాలు నీళ్ళు తాగి కూర్చున్నాక కెప్టెన్లు కలిసి వెయ్యండి.

కాలేజీ నుంచి క్లబ్‌కి

కాలేజీ జట్టుకి ఉన్న కష్టం ఒకటే, నేర్చుకున్నవాళ్ళు వెళ్ళిపోతారు. ఫైనలియర్ వాళ్ళు హైదరాబాదుకో బెంగళూరుకో పోయేసరికి హ్యాండ్లర్లు ఉండరు. అందుకని ప్రతి సీనియర్ హ్యాండ్లర్‌కి ఒక ఫస్టియర్‌ని జత చెయ్యండి, రోజూ వాళ్ళిద్దరే త్రోలు వేసుకోవాలి. ఎచ్చెర్ల వైపు, విజయనగరం వైపు కాలేజీల నుంచి నలుగురైదుగురు చొప్పున కలిస్తే ఒక క్లబ్ జట్టు అవుతుంది, ఊళ్ళో ఉద్యోగాలు చేసుకునే పాత ఆటగాళ్ళకీ అందులో చోటుంటుంది. జాతీయ స్థాయిలో ఈ ఆటని ఒకప్పుడు అల్టిమేట్ ప్లేయర్స్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా, అంటే యూపీఏఐ చూసేది, ఇప్పుడు చూసేది ఫ్లయింగ్ డిస్క్ స్పోర్ట్స్ ఫెడరేషన్ (ఇండియా), ఇండియా అల్టిమేట్ అంటారు. దాని టోర్నమెంట్లకి వెళ్ళేముందు రిజిస్ట్రేషన్ నియమాలు చదివి జట్టంతా పూర్తి చేసుకోండి.

మన దేశంలో మిక్స్‌డ్ జట్లే, అంటే అబ్బాయిలూ అమ్మాయిలూ కలిసి ఆడేవే ఎక్కువ. ఏడుగురిలో నలుగురు అబ్బాయిలు, ముగ్గురు అమ్మాయిలు, లేదా అటుదిటు, పాయింట్లని బట్టి ఆ లెక్క మారుతుంది. అంటే కొన్ని పాయింట్లలో నలుగురు అమ్మాయిలు మైదానంలో ఉంటారు. పేరుకి చేర్చుకుని డిస్క్ ఇవ్వని జట్లు ఇక్కడే దొరికిపోతాయి. ప్రాక్టీసులో మొదటిరోజు నుంచీ అమ్మాయిలతో హ్యాండ్లింగ్ చేయించండి. ఇంట్లో వాళ్ళు ఊరికి పంపడానికి భయపడితే కెప్టెన్, ఇద్దరు అమ్మాయిలు వెళ్ళి మాట్లాడండి, ఏ రైలు, ఎక్కడ బస, ఎవరు తోడు అన్నీ కాగితం మీద రాసి ఇవ్వండి. "పంపండి ఆంటీ, మేం చూసుకుంటాం" అన్న ఒట్టి మాటకంటే ఆ కాగితం ఎక్కువ పనిచేసింది.

టోర్నమెంటు తేదీ తెలియగానే శ్రీకాకుళం రోడ్డు నుంచి టికెట్లు చూడండి. రిజర్వేషన్ 60 రోజుల ముందే మొదలవుతుంది, పద్దెనిమిది మందికి ఒకే కోచ్‌లో దొరకాలంటే ఆరోజు పొద్దునే కూర్చోవాలి. ఒక నోట్‌బుక్ కూడా పెట్టుకోండి. ఆడని ఒకరు గీత పక్కన కూర్చుని మనం డిస్క్ పోగొట్టుకున్న ప్రతిసారీ ఒక గీత గీసి, పక్కన కారణం రాయాలి: చేజారింది, దూరం త్రో, లెక్క అయిపోయింది, గాలి. మొదటి టోర్నమెంటులో మావి ఒక మ్యాచ్‌కి 41 గీతలు. పోయినసారి 17. అందులో తొమ్మిది ఎదురుగాలిలో వేసిన ఫ్లిక్‌లు, ఈ నెలంతా సాయంత్రాలు మేం బీచ్‌లో చేస్తున్నది వాటి మీదే.